31 స్నాప్‌షాట్లు, 6 జీబీ చోటు: ఎలా బయటపడాలండి?

చెరువుగట్టు (భీమవరం):
నమస్కారమండి. మా బావ ఇక్కడ రొయ్యల ల్యాబ్ నడుపుతాడు. రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తే ఉప్పుశాతం, పీహెచ్, అమోనియా చూసి రిపోర్టు ఇస్తారు. అవి మూడు కంప్యూటర్లలోనూ కనబడాలని పోయినేడాది టర్న్‌కీ లినక్స్ ఫైల్ సర్వర్ అప్లయన్స్ (అన్నీ అమర్చి ఇచ్చే రెడీమేడ్ సర్వర్) దింపి, విండోస్ మీద వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ని, అంటే వర్చువల్ మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాను. దాని ఓవీఏ ఫైల్ (మిషన్ మొత్తం ఒకే ప్యాకెట్‌గా) ఇంపోర్ట్ చేస్తే పావుగంటలో లేచింది. నెట్‌వర్క్ న్యాట్‌లో (మిషన్ విండోస్ వెనక దాగి ఉండే పద్ధతి) ఉండిపోయి పక్క కంప్యూటర్లకు కనబడక ఓ పూట చంపింది. బ్రిడ్జ్‌డ్‌కి (నెట్‌వర్క్‌లో నేరుగా కనబడే పద్ధతి) మార్చాక దారిలో పడింది.

బ్యాకప్ అనుకుని ప్రతి ఆదివారం స్నాప్‌షాట్ (మిషన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచుకోవడం) తీస్తూ వచ్చాను. నిన్న పది మంది రైతులు నిలబడి ఉండగా మిషన్ పాజ్ అయింది. చూస్తే 500 జీబీ డిస్కులో 6 జీబీ మిగిలింది. స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు చెరిపేయనా? "బామ్మర్దీ, నీ సర్వర్ కన్నా నా చేతి రిజిస్టరే నయం" అంటున్నాడు బావ.

లంకపొలం (రాజోలు):
బాబ్బాబు, ఆ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకండి! స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి పాత డిస్కు అలాగే ఉండిపోయి, కొత్త రాతలన్నీ వేరే ఫైల్లోకి పోతాయి. వరద వరదకీ లంకలో ఒండ్రు పొర పడ్డట్టు. మధ్య పొర లాగేస్తే పైవన్నీ పనికిరావు. అసలు డిస్కు పోతే అన్నీ పోయినట్టే, అందుకే అది బ్యాకప్ కాదు.

ముందు హోస్ట్‌లో (బయటి విండోస్‌లో) సంబంధం లేని ఫైళ్లు తీసేసి ఓ 40 జీబీ ఖాళీ చేయండి. మిషన్‌ని రెజ్యూమ్ చేసి, లోపలి నుంచి పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. మిషన్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కుకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే వర్చువల్‌బాక్స్ మెనూలోంచి ఒక్కొక్కటీ డిలీట్ కొట్టండి. డిలీట్ అంటే పొరలు కలపడమే, దానికీ చోటు కావాలి. మధ్యలో కరెంటు పోతే మాత్రం గోవిందా.

ఏటిమొగ (అంతర్వేది):
ప్రాక్స్‌మాక్స్‌కి (విండోస్ లేకుండా కంప్యూటర్ మీద నేరుగా మిషన్లు నడిపే సిస్టమ్) మారిపోండి, హాయి.

లంకపొలం:
ఉన్నది ఒక్క విండోస్ కంప్యూటరు, అందులోనే బిల్లింగ్ కూడా ఉండి ఉంటుంది. ఎక్కడికి మారతారండి? చెరువుగట్టు గారూ, వారానికి ఇన్ని జీబీలు పెరగడం రిపోర్టుల వల్ల కాదు. లోపల ఏదో రోజూ రాస్తోంది. చూడండి.

చెరువుగట్టు:
దొరికిందండి. సిగ్గేస్తోంది, నేను రాసిందే! రాత్రి రెండింటికి రిపోర్టులన్నీ టార్ (ఒకే ఫైలుగా మూట) కట్టి అదే డిస్కులో పెట్టే స్క్రిప్ట్. రోజుకి ఒకటిన్నర జీబీ, ఏడు రోజులవి ఉంచి పాతవి చెరుపుతుంది. లోపల ఎనిమిదో రోజు నుంచి పెరిగినట్టే కనబడదు. బయట మాత్రం ప్రతి వారం పొరలో దాదాపు 11 జీబీ!

నిన్న రాత్రి తొమ్మిదింటికి డిలీట్లు మొదలుపెట్టాను. పదకొండుకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదే ఉంది కాబట్టి బతికాను. అయ్యేసరికి తెల్లారుజామున నాలుగు. టార్ ఇప్పుడు పక్క కంప్యూటర్‌లోకి పోతోంది. దాన్ని అక్కడ విప్పి పోయిన నెల అమోనియా రిపోర్టు ఒకటి తెరిచి చూశాను, వచ్చింది. ఇక స్నాప్‌షాట్ అప్‌డేట్‌కి ముందే, రెండ్రోజులు బాగుంటే తీసేయడమే.

బావ ఆ రిపోర్టు కూడా ప్రింటు తీయించి రిజిస్టర్‌లో అంటించుకున్నాడు.