అలారం ‘గాన్ ఆఫ్’ అంటే ఆగిపోయిందనుకున్నా!

ఖమ్మం అమ్మాయి:

అందరికీ నమస్తే. ఇంగ్లండ్ వచ్చి నాలుగు నెలలైంది. ఓస్కీ (ఇక్కడ నర్సులకి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పాసయ్యాను, పిన్ (నర్సు రిజిస్ట్రేషన్ నంబరు) వచ్చింది, ఇప్పుడు ఒక ఆస్పత్రిలో ముసలివాళ్ళ వార్డులో స్టాఫ్ నర్సుని. ఓఈటీ (వైద్య రంగంలో వాళ్ళకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రాసే వచ్చాను కాబట్టి ఇంగ్లిష్ రాదని కాదు. కానీ నేను చదివింది, వీళ్ళు మాట్లాడేది ఒకటే భాషేనా అని అనుమానంగా ఉంది.

మొన్న నైట్ డ్యూటీలో హెచ్‌సీఏ (నర్సులకి సాయపడే ఉద్యోగి) ఒకావిడ అటుగా పోతూ "బే టూలో అలారం గాన్ ఆఫ్ అగెయిన్" అంది. బే అంటే వార్డులో ఒక భాగం. మన దగ్గర ‘ఆఫ్ అయింది’ అంటే ఆగిపోయిందనే కదా. నేనున్న చోటికి దాని మోత వినపడదు. హమ్మయ్య, ఒక గోల వదిలింది అనుకొని నోట్స్ రాసుకుంటూ కూర్చున్నా. తీరా చూస్తే అక్కడ పెద్దాయన ఒక్కడే మంచం దిగబోతున్నాడట, అందుకని మోగిందట. ఆవిడే పరిగెత్తి పట్టుకుంది. ఏమీ కాలేదు, కానీ నా మొహం చూడాల్సింది.

అదే తెల్లవారి డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో "షీ ఫైనల్లీ డ్రాప్డ్ ఆఫ్ ఎట్ టూ" అన్నారు. రెండింటికి మంచం మీంచి పడిపోయిందనుకొని హడలిపోయా. నిద్రపోయిందట!

ఇంకోటి చెప్పాలంటే సిగ్గు. మొదటి వారంలో మేనేజర్ చదువు గురించి అడిగితే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018" అన్నాను. ఆవిడ జాలిగా చూసి "ఇప్పుడు బానే ఉంటోందా?" అంది.

ఇవన్నీ ఒకచోట ఉండే పుస్తకం ఏమైనా ఉందా? వీటి పక్కన జస్ట్, రైట్, హార్డ్‌లీ లాంటివి ఎక్కడ పెట్టాలో కూడా తెలియట్లేదు.

లెస్టర్ అక్క:

చెల్లీ, ముందు ఆ ‘పాస్డ్ అవుట్’ సంగతి. అది మనందరం చేసిందే, నేనైతే ఇంటర్వ్యూలోనే చేశా. ఇక్కడ దానర్థం స్పృహ తప్పడం. చదువు ముగించడానికి ‘గ్రాడ్యుయేటెడ్’ లేదా ‘క్వాలిఫైడ్’ అను. పాస్ అవే అంటే చనిపోవడం. పాస్ ఆన్ అంటే కబురు అందించడం, అదే మాట మనిషి గురించి అంటే చనిపోవడం. కాబట్టి ఆ ‘పాస్’ కుటుంబంతో జాగ్రత్త.

పుస్తకాలున్నాయి, కొనకు. జాబితాగా బట్టీపడితే నిలవవు. నాకు దారి దొరికింది తెలుగులోనే. మనం ‘తిను’ అంటాం, ‘తినెయ్’ అంటాం. ‘రాయి’ వేరు, ‘రాసుకో’ వేరు. పడ్డాడు అంటే ఒక మాట, పడిపోయాడు అంటే కంగారు పడాల్సిన మాట. అసలు క్రియ అదే, చివర తగిలించిన ఆ చిన్న ముక్కే పని ముగిసిందా, చేయి దాటిపోయిందా, తన కోసమా అన్నది చెబుతుంది. ఇంగ్లిష్ వాడి అప్, ఆఫ్, డౌన్, అవుట్ చాలాసార్లు చేసేది ఇదే పని. ఈట్ అప్ అంటే తినెయ్, డ్రింక్ అప్ అంటే తాగెయ్, రైట్ (write) డౌన్ అంటే రాసుకో. గ్లవ్స్ అయిపోయాయి అనడానికి ‘వియ్ హ్యావ్ రన్ అవుట్’. (వాళ్ళు తెలుగు నేర్చుకుంటే ‘వాగులో గేదె కొట్టుకుపోయింది’ దగ్గర ఏడుస్తారు. ఎవరు కొట్టారు, ఎక్కడికి పోయారు అని.)

ఇప్పుడు నీ ‘ఆఫ్’ చూడు. డ్రాప్డ్ ఆఫ్: నిద్రలోకి జారిపోయింది. నొప్పి మందు వేరింగ్ ఆఫ్: పనిచేయడం తగ్గిపోతోంది. మిల్క్ గాన్ ఆఫ్: పాలు పాడైపోయాయి. అన్నిట్లోనూ ‘పో’ ఉంది. అలారం ఒక్కటే ఎదురు తిరుగుతుంది. దాన్ని తుపాకీతో కలిపి గుర్తుపెట్టుకో. తుపాకీ పేలినా, బాంబు పేలినా, అలారం మోగినా ‘వెంట్ ఆఫ్’. ఉన్నట్టుండి భళ్ళున మొదలవడం అన్నమాట. మోత ఆపేస్తే ‘టర్న్డ్ ఆఫ్’. అలారం విషయంలో నీకు వినపడాల్సింది ఆఫ్ కాదు, దాని ముందున్న వెంట్, టర్న్.

ఇక జస్ట్, హార్డ్‌లీ. మన వార్డుల్లో అసలు ప్రమాదం వీటితోనే. ‘హార్డ్‌లీ’ అంటే గట్టిగా అనుకుంటాం. "హీ హ్యాజ్ హార్డ్‌లీ కెప్ట్ ఎనీథింగ్ డౌన్" అంటే తిన్నది దాదాపు ఏదీ కడుపులో నిలవలేదు, కక్కేస్తున్నాడు అని. అదే "జస్ట్ అబౌట్ కీపింగ్ ఇట్ డౌన్" అంటే అతికష్టం మీద నిలుస్తోంది అని. "జస్ట్ త్రూ అప్" అంటే ఇప్పుడే కక్కాడు. ఇలాంటివి క్రియకి ముందే వస్తాయి, కాబట్టి వాక్యం మొదట్లోనే చెవి అక్కడ పెట్టాలి. "షీ నియర్‌లీ ఫెల్ ఓవర్" అంటే పడబోయింది. ‘నియర్‌లీ’ని వదిలేస్తే పడింది అయిపోతుంది, ఆవిడ మీద ఫాల్ ఫారం, డాక్టర్ని పిలవడం, ఇంటికి ఫోన్ చేయడం, అంతా నడుస్తుంది. వినపడకపోతే సిగ్గుపడకుండా "నియర్‌లీ ఫెల్, ఆర్ ఫెల్?" అని తిరిగి అడుగు. నేను పద్నాలుగేళ్ళ తర్వాత కూడా అడుగుతాను.

‘రైట్’ (right) మాత్రం ఆ చిన్న ముక్కకి ముందే అతుక్కుంటుంది. "స్వెల్లింగ్స్ గాన్ రైట్ డౌన్": వాపు పూర్తిగా తగ్గిపోయింది. కొంచెమే తగ్గితే "గాన్ డౌన్ ఎ బిట్", ఇది చివర్లో. ‘నైస్‌లీ’ కూడా చివరికే: హీలింగ్ అప్ నైస్‌లీ, సెట్లింగ్ ఇన్ నైస్‌లీ. నీ గురించి ఆ రెండోది అన్నారంటే కుదురుకుంటున్నావని అర్థం, సంతోషించు.

రెడింగ్ బాబాయి:

అక్కగారు చెప్పింది బాగుంది, కానీ తెలుగుతో పోలిక అన్నిటికీ పనిచేయదు. ‘లుక్ ఆఫ్టర్’ (బాగోగులు చూసుకోవడం)ని ఏ ‘పో’తోనూ విప్పలేం, అది నేర్చుకోవాల్సిందే.

ఒక చిన్న వ్యాకరణం. ఆఫ్, అప్ లాంటివి క్రియ నుంచి విడిపోగలిగితే ‘ఇట్’, ‘హిమ్’ మధ్యలో దూరతాయి: టర్న్ ఇట్ ఆఫ్. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అని వాళ్ళు అనరు. కానీ ‘లుక్ ఎట్’ విడిపోదు: లుక్ ఎట్ ఇట్. తమాషా ఏంటంటే ‘ఎలా’ అని చెప్పే మాటలు దీనికి తలకిందులు. లుక్ కేర్‌ఫులీ ఎట్ ఇట్ అనొచ్చు, ‘టర్న్ క్విక్‌లీ ఆఫ్ ద పంప్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. క్విక్‌లీని మొదటికో చివరికో నెట్టేయ్.

పలకడం కూడా చూసుకోమ్మా. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఒత్తు ఆఫ్ మీద పడాలి. ‘లుక్ ఎట్ ఇట్’లో లుక్ మీద. మనం అన్నీ ఒకే ఊపులో అనేస్తాం, అందుకే వాళ్ళు ‘సారీ?’ అంటారు.

డల్లాస్ నుంచి ఒకడు:

ఇక్కడ పాలు ‘గో బ్యాడ్’ అవుతాయి, ఫారం ‘ఫిల్ అవుట్’ చేస్తాం. మీకు ‘ఫిల్ ఇన్’ అనుకుంటా. మనం ఇంట్లో అనే ‘ఫిల్ అప్’ని రెండు చోట్లా పెట్రోలు బంకుకే ఉంచేస్తే మంచిది. పాస్ అవుట్ మాత్రం ఇక్కడా స్పృహ తప్పడమే, నేనూ బాధితుణ్ణే.

లెస్టర్ అక్క:

బాబాయి గారూ, ‘లుక్ ఆఫ్టర్’ ఒప్పుకుంటున్నా.

చెల్లీ, ఒకటి మర్చిపోయా. ఇవన్నీ వినడానికీ, పేషెంట్‌తో మాట్లాడడానికీ. నోట్స్‌లో దించకు. పేషెంట్‌ని "హ్యావ్ యూ త్రోన్ అప్?" అని అడుగు, కాగితం మీద ‘వామిటెడ్’ అనీ, ఎన్నిసార్లు, సుమారు ఎంత అనీ రాయి. పేషెంట్ ‘బ్లాక్డ్ అవుట్’ అన్నాడనుకో, ఆ మాటని అతని మాటగానే కొటేషన్‌లో పెట్టు. స్పృహ తప్పాడని నువ్వు తేల్చేయకు. కళ్ళు బైర్లు కమ్మినా కొందరు అలాగే అంటారు.

జేబులో చిన్న పుస్తకం పెట్టుకో. మాట ఒక్కటే కాదు, విన్న వాక్యం మొత్తం రాసుకో. పేషెంట్ల పేర్లు మాత్రం అందులో వద్దు.

ఖమ్మం అమ్మాయి:

అక్కా, బాబాయ్ గారూ, అన్నా, చాలా థాంక్స్. పుస్తకం మొదలుపెట్టా. నిన్న ఒక పెద్దావిడ ట్రే పక్కకి నెట్టి "ఐయామ్ రైట్ ఆఫ్ మై ఫుడ్, లవ్" అంది. పాత అలవాటు ప్రకారం ఒక్క క్షణం బిక్కమొహం వేశా. తర్వాత ‘పో’ పెట్టి చూశా. ఆకలి పూర్తిగా చచ్చిపోయింది అనే కదా? రైట్ కూడా ఆఫ్‌కి ముందే ఉంది!

లెస్టర్ అక్క:

అదే. ఫుడ్ చార్ట్‌లో రాశావా?