అప్‌డేట్: పీఈ 6 ఉన్న షేరు నిజంగా చౌకేనా?

షేరు ధర రూ.180, ఈపీఎస్ (ఏడాదిలో ఒక్కో షేరుకు వచ్చిన లాభం) రూ.30, అంటే పీఈ (ధరను ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చేది) 6. అదే రంగంలో మిగతావి 20 దగ్గరుంటే ఇదొక్కటే ఇంత చౌకగా ఎందుకుందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

'ఎక్సెప్షనల్ ఐటమ్స్ (ఎప్పుడో ఒకసారి వచ్చే అసాధారణ ఆదాయం, ఖర్చులు) చూడండి' అన్న సలహానే పనికొచ్చింది. వార్షిక నివేదిక తీసి చూస్తే, ఆ 30లో 22 రూపాయలు పాత ఫ్యాక్టరీ స్థలం అమ్మితే వచ్చినవి! ఉన్న స్థలాన్ని ఏటా అమ్మలేరు కదా. అసలు వ్యాపారం మీద వచ్చింది 8 రూపాయలే, అంటే పీఈ 22.5. చౌక కాదు సరికదా, కాస్త ఖరీదే. సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్డ్ సలహాదారు కూడా అదే అన్నారు. పైగా వ్యాపారం నుంచి వచ్చే నగదు రెండేళ్లుగా మైనస్‌లో ఉందని చూపించారు, నేనది గమనించనే లేదు.

షేరు కొనలేదు.