పిల్లల సైకిల్‌కు హెల్మెట్ చట్టం కావాలా, వద్దా?

రెండుచక్రాలు:
మా తొమ్మిదేళ్ల వాణ్ణి హెల్మెట్ లేకుండా సైకిల్ ఎక్కనివ్వను. అయినా చట్టం చేసి జరిమానా వేయడం నాకు నచ్చదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990లో అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. తలకు దెబ్బలు తగ్గాయి, నిజమే. సైకిల్ తొక్కే టీనేజ్ పిల్లలూ తగ్గారు. మరి హెల్మెట్ వల్ల తగ్గాయా, తొక్కేవాళ్లు లేక తగ్గాయా? ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. మెక్సికో సిటీ అయితే అద్దె సైకిళ్లు తెచ్చిన 2010లోనే హెల్మెట్ నిబంధన ఎత్తేసింది. నెదర్లాండ్స్‌లో పిల్లలు వట్టి తలతోనే బడికి వెళ్తారు.

నైట్‌డ్యూటీ:
నెదర్లాండ్స్ పేరెత్తేవాళ్లు అక్కడి సైకిల్ దారులను కూడా వెంట తేవాలండీ! నేను నర్సుని. పిల్లాడు పడటానికి కారే గుద్దక్కర్లేదు, ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే చాలు. హెల్మెట్ లోపల థర్మోకోల్ లాంటి నురుగు ఉంటుంది. అది నలిగి దెబ్బ జోరును తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, పైకి పగులు కనపడకపోయినా మార్చేయాల్సిందే. నుదురంతా బయటపెట్టి వెనక్కి తోసి పెట్టుకుంటే మాత్రం టోపీతో సమానం. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి.

పాత గోల్‌కీపర్:
హెల్మెట్ పుర్రె పగలకుండా బాగా కాస్తుంది, కంకషన్‌ను, అంటే దెబ్బకు మెదడు అదిరి కాసేపు సరిగా పనిచేయకపోవడాన్ని, అంతగా ఆపలేదు. తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు కదులుతుంది కదా. నేను పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. అమెరికా సాకర్ ఫెడరేషన్ 2015లోనే పదేళ్ల వరకు పిల్లలకు హెడ్డింగ్ (తలతో బంతిని కొట్టడం) వద్దంది. 2020లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ ప్రైమరీ బడి పిల్లలకు ప్రాక్టీసులో ఆపేయమన్నాయి. అంతకు ముందు ఏడాదే గ్లాస్గో పరిశోధన వచ్చింది: మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం మామూలు జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువట.

రెండుచక్రాలు:
వాళ్లు ఏళ్ల తరబడి ఆడినవాళ్లు. దాన్ని తెచ్చి పదేళ్ల పిల్లలకు అంటగడితే ఎలా?

పాత గోల్‌కీపర్:
ఒప్పుకుంటాను, దాంతో పిల్లల సంగతి తేలదు. అసలు నా టెన్షన్ వేరే. దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి పంపడం! ఈ తప్పు నేనే చేశాను. ఇద్దరు పిల్లల తలలు ఢీకొన్నాయి. ఒకడు లేచి 'బాగానే ఉన్నాను సార్' అన్నాడు, పంపించాను. పది నిమిషాల్లో స్కోరెంతని మూడుసార్లు అడిగాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. వాడికేమీ కాలేదు, అది నా అదృష్టం. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లైస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లాడు తలకు దెబ్బ తగిలాక మళ్లీ అదే మ్యాచ్‌లో ఆడి, తర్వాత కుప్పకూలాడు. బతికాడు గానీ మళ్లీ మామూలు కావడానికి ఏళ్లు పోరాడాల్సి వచ్చింది. 2009లో అతని పేరుతో చట్టం చేశారు: కంకషన్ అనుమానం వస్తే వెంటనే బయటికి, వైద్య అనుమతి ఉంటేనే మళ్లీ లోపలికి. చట్టమంటే ఇలాంటిది కావాలి.

నైట్‌డ్యూటీ:
దీనికి నా రెండు చేతులూ ఎత్తుతాను. పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవనంత మగత, ఫిట్స్ వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి. అవేమీ లేకుండా డాక్టరు కంకషనే అంటే ఒకటి రెండు రోజులు తేలిగ్గా విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా నడక. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టే పద్ధతి ఇప్పుడు లేదు.

చిట్టి అమ్మ:
మధ్యలో ఒక మాట. సైకిల్ దిగి జారుడుబల్ల వైపు పరిగెత్తే పిల్లలకు ముందు హెల్మెట్ తీసేయండి. సందుల్లో ఇరుక్కుంటే ఆ పట్టీయే మెడకు ఉరవుతుంది.

రెండుచక్రాలు:
ఇది నాకు తట్టనే లేదు, థాంక్స్ అండీ. గోల్‌కీపర్ గారూ, మీ చట్టానికి నేను సై. హెల్మెట్ జరిమానాకు మాత్రం ఇంకా ఒప్పుకోను. అన్నట్టు, ఇప్పుడే మావాడి హెల్మెట్ చూశాను. పట్టీలో మూడు వేళ్లు దూరుతున్నాయి.