మెయిన్‌సెయిల్ తాళ్లను కాక్‌పిట్‌లోకి తేవడం మేలా, మాస్ట్ దగ్గరే ఉంచడం మేలా?

నీటిగీత:

నా పడవ పొడవు 7 మీటర్లు, మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప) వైశాల్యం సుమారు 14 చదరపు మీటర్లు. చాపను పైకెత్తే తాడు, అంటే హాల్యార్డ్, మాస్ట్ (చాప నిలిపే స్తంభం) మీది క్లీట్‌కే (తాడు చుట్టి కట్టే కొమ్ముకే) కట్టి ఉంటుంది. గాలి పెరిగి చాప కుదించవలసి (రీఫ్ వేయవలసి) వచ్చినప్పుడు మాస్ట్ దగ్గరకు వెళ్లి, హాల్యార్డ్ సడలించి, ముందు అంచులోని కడియాన్ని గూస్‌నెక్ (చాప అడుగునుండే అడ్డదూలమైన బూమ్, మాస్ట్‌కు కలిసే చోటు) పక్కనున్న కొక్కేనికి తగిలించి, హాల్యార్డ్‌ను మళ్లీ బిగించి, ఆ తరువాత వెనుక అంచు కడియాన్ని బూమ్ వెంట వచ్చే రీఫ్ తాడుతో లాగుతాను. ఇద్దరం ఉన్నప్పుడు ఇందులో కష్టమేమీ లేదు. అయితే నేను ఎక్కువగా ఒంటరిగానే వెళ్తుంటాను. ఇటీవల ఒకసారి టిల్లర్‌ను (చుక్కాని పిడిని) తాడుతో కట్టి ముందుకు వెళ్లగా, పడవ తనంత తానే మరో వైపుకు తిరిగి, చాప గాలితో నిండి, బూమ్ నా భుజానికి తగిలింది. దెబ్బ పెద్దది కాదు గానీ, ఆ క్షణాన నా రెండు చేతులూ తాళ్ల మీదే ఉన్నాయన్న సంగతి మరపునకు రావడం లేదు.

హాల్యార్డ్‌నూ రీఫ్ తాళ్లనూ కేబిన్ పైకప్పు మీదుగా, పడవ నడిపేవారు కూర్చునే కాక్‌పిట్‌లోకి తెచ్చి, తాడును పట్టి ఉంచే క్లచ్‌లు అమర్చి, ఒక్కో రీఫ్‌కు ఒకే తాడు ఉండే పద్ధతికి మారాలని ఆలోచిస్తున్నాను. అందుకు పైకప్పుకు పదికి పైగా రంధ్రాలు పెట్టాలి. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేని పని అది. రెండు పద్ధతులూ వాడినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

ఒంటరి ప్రయాణం:

సందేహించవలసిన పని లేదు, కాక్‌పిట్‌లోకి తెచ్చుకోండి. చాప మీద గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గాలి 10 నాట్ల (గంటకు నాటికల్ మైళ్ల) నుంచి 14 నాట్లకు పెరిగితే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. అంటే చాప కుదించడానికి అనువైన సమయం చాలా చిన్నది. ముందుకు పాకుతూ వెళ్లాలన్న ఆలోచనే మనిషిని వెనక్కి లాగుతుంది. "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటాడు, ఆ కాసేపటిలో పని రెండింతలు కష్టమవుతుంది. కూర్చున్న చోటి నుంచే కుదించగలిగినవాడు సకాలంలో కుదిస్తాడు. తాళ్లు వెనక్కి రావడంలోని అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం.

1960లో జరిగిన ఒంటరి నావికుల మొదటి అట్లాంటిక్ పోటీని గుర్తు చేసుకోండి. బ్లాండీ హాస్లర్ నడిపిన జెస్టర్ పొడవు 25 అడుగులే. దాని తాళ్లన్నీ నడిమధ్యనున్న గుండ్రని ద్వారం దగ్గరకు చేరేలా ఆయన ఏర్పాటు చేసుకున్నారు. డెక్ మీదకు వెళ్లవలసిన అవసరమే దాదాపు లేకుండా 48 రోజుల్లో సముద్రం దాటి రెండవ స్థానంలో నిలిచారు. పెద్ద పడవలో 40 రోజుల్లో చేరిన ఫ్రాన్సిస్ చిచెస్టర్‌దే మొదటి స్థానం కావచ్చు, కానీ చిన్న పడవవారికి పాఠం మాత్రం హాస్లర్ దగ్గరే ఉంది.

పాతమోకు:

జెస్టర్ ఉదాహరణ ఇక్కడ పొసగదు. హాస్లర్ వాడినది చైనా పద్ధతి చాప. దానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డకమ్ములుంటాయి, మాస్ట్ గాడిలో జారే స్లైడ్‌లుండవు, హాల్యార్డ్ వదలగానే చాప తన బరువుతో తానే మడతలు పడుతూ కిందికి వస్తుంది. కొక్కేనికి తగిలించవలసిన కడియమూ లేదు, గూస్‌నెక్కూ లేదు. నీటిగీత గారి చాప త్రికోణాకారపు బెర్ముడా చాప. దాని ముందు అంచు గాడిలో ఇరుక్కుంటే కాక్‌పిట్‌లో కూర్చున్నవారు చూస్తూ ఉండడం తప్ప చేయగలిగినది లేదు.

ఒకే తాడు పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే మోసపోతున్నారు. ఆ తాడు క్లచ్ నుంచి బయలుదేరి, మాస్ట్ అడుగున 90 డిగ్రీలు తిరిగి పైకి వెళ్లి, ముందు కడియం గుండా 180 డిగ్రీలు తిరిగి కిందికి వచ్చి, బూమ్‌లోకి దూరి, బూమ్ చివరన మళ్లీ మలుపు తిరిగి, వెనుక కడియాన్ని చుట్టుకొని బూమ్‌కు ముడిపడుతుంది. తాడు ఒక వస్తువును చుట్టి వెళ్లినప్పుడు ఘర్షణ వల్ల బిగువు ఎంత తగ్గుతుందో లెక్క కట్టడానికి సూత్రం ఉంది. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, కప్పీ లేని ఉత్త కడియాన్ని ఒక్కసారి 180 డిగ్రీలు చుట్టేసరికి బిగువు సుమారు 1.87వ వంతుకు, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. మీరు 40 కిలోల బలంతో లాగుతున్నారనుకుంటే, ముందు కడియం దాటేసరికి 21 కిలోలు, బూమ్ రెండు మలుపులూ దాటేసరికి ఇంకా తక్కువ. ఇప్పుడు చూడండి: చాప అడుగు భాగం చదునుగా రావాలంటే అత్యధిక బిగువు కావలసింది వెనుక కడియానికి. ఒకే తాడు పద్ధతి అత్యల్ప బిగువును చేర్చేది కూడా సరిగ్గా ఆ కడియానికే. ఫలితంగా గాలి బలపడిన వేళ చాప సంచిలా ఉబ్బుతుంది, పడవ మరింత ఒరుగుతుంది, టిల్లర్ బరువెక్కుతుంది. రీఫ్ వేసింది ఎందుకో ఆ ప్రయోజనమే దెబ్బతింటుంది.

తాడు పొడవు కూడా లెక్కలోకి రావాలి. రీఫ్ లోతు 1.2 మీటర్లయితే ఒక్కో కడియం అంత దిగడానికి దానికి రెట్టింపు తాడు లాగాలి. రెండు కడియాలకూ కలిపి 4.8 మీటర్లు. రెండవ రీఫ్‌కు ఇందులో రెట్టింపు. ఆ తాడంతా కాక్‌పిట్‌లో మీ కాళ్ల చుట్టూ పేరుకుంటుంది.

మాస్ట్ దగ్గరైతే కడియం చేతికి అందుతుంది, కళ్లకు కనిపిస్తుంది. స్లైడ్ ఇరుక్కుంటే ఒక్క తోపుతో వదులుతుంది. జిబ్‌ను (ముందు చాపను) ఎదురు గాలికి నిలిపి, టిల్లర్‌ను గాలి వెళ్లే వైపుకు కట్టి, పడవను నిలకడగా ఉంచుకొని వెళ్తే, అలవాటున్న మనిషికి రీఫ్ రెండు మూడు నిమిషాల పని. నీటిగీత గారిని బూమ్ తాకడానికి కారణం హాల్యార్డ్ ఉన్న చోటు కాదు, పడవను నిలపకుండా ముందుకు వెళ్లడం.

ఒంటరి ప్రయాణం:

పడవను అలా నిలపడం పొడవైన కీలు (పడవ అడుగున నీటిలోకి దిగే రెక్క) ఉన్న బరువైన పడవలకు చక్కగా కుదురుతుంది. 7 మీటర్ల తేలికపాటి పడవ, అందులోనూ సన్నని కీలు ఉన్నది, ఒక పెద్ద అల తగలగానే ముక్కు తిప్పేస్తుంది. పైగా మనిషి బరువు ముందుకు చేరితే ముక్కు దిగుతుంది, చుక్కాని పట్టు తగ్గుతుంది. పెద్ద పడవ మీద గుర్తించలేని ఈ మార్పు చిన్న పడవ మీద స్పష్టంగా తెలుస్తుంది. ఒంటరివాడు నీళ్లలో పడితే పడవ ఆగదన్న మాట మీరు మరిచినట్లున్నారు.

పాతమోకు:

మరవలేదు. అందుకే నడుముకు కట్టిన పట్టీని మాస్ట్ దగ్గరి గట్టి రింగుకు తగిలించుకొనే వరకు చేయి తాడు మీద వేయకూడదంటాను. ఆ పట్టీ డెక్ అంచు దాటి వేలాడేంత పొడవుగా ఉండకూడదు. ఒకే తాడు పద్ధతి ఇరుక్కున్ననాడు మీరూ ముందుకు వెళ్లక తప్పదు, కాకపోతే అప్పటికి గాలి ఇంకా పెరిగి ఉంటుంది, మీకు అలవాటు ఉండదు.

కప్పీ:

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ తాడు కొస ఎక్కడ ఉండాలన్న దాని మీదే వాదిస్తున్నారు. నా దృష్టిలో మొదటి ప్రశ్న అది కాదు. హాల్యార్డ్ వదలగానే చాప తనంత తాను దిగుతున్నదా? దిగకపోతే తాళ్లను ఎక్కడికి తెచ్చినా కష్టం కష్టంగానే ఉంటుంది. కాబట్టి రంధ్రాలు వేయకముందే గాలి లేని రోజు చూసి చాపను పైకి ఎత్తి, హాల్యార్డ్‌కు కొక్కెం త్రాసు తగిలించి, ఎంత బలంతో కదులుతున్నదో చూసుకోండి. తరువాత గాడిని మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, ఆరాక పొడి సిలికాన్ గానీ టెఫ్లాన్ గానీ చల్లండి. గ్రీజు మాత్రం వద్దు, దుమ్ము అంటుకొని రెండు నెలలకే గాడి ముందుకన్నా మొరాయిస్తుంది. పూర్తి పొడవు కమ్మీలున్న (అడ్డంగా దూర్చిన బద్దలున్న) చాప అయితే, కమ్మీ తన్నే చోటి స్లైడ్‌లను ప్రత్యేకంగా పరీక్షించండి. కమ్మీ స్లైడ్‌ను మాస్ట్‌కేసి నొక్కడం వల్లనే అవి ఎక్కువగా పట్టేస్తాయి.

ఒకే తాడు పద్ధతిపై పాతమోకు గారి లెక్క సరైనదే. అయితే దాన్నిబట్టి కాక్‌పిట్‌ను తోసిపుచ్చనవసరం లేదు. ముందు కడియానికి ఒక తాడు, వెనుక కడియానికి మరొక తాడు పెట్టుకుంటే, ఒక్కో తాడుకు మలుపులు సగానికి తగ్గుతాయి, దేని బిగువు దానికి విడిగా సర్దుకోవచ్చు. కడియాల దగ్గర చిన్న కప్పీ కట్టితే నష్టం మరింత తగ్గుతుంది. బూమ్ మీద వెనుక తాడు దిగే చోటు, కుదించిన తరువాత కడియం నిలిచే చోటుకు కొద్దిగా వెనకగా ఉన్నదో లేదో కూడా చూడండి. తాడు కిందికీ వెనక్కీ రెండు వైపులా లాగాలి. ఇక్కడ తేడా వస్తే తక్కిన ఏర్పాట్లన్నీ వ్యర్థం.

రంధ్రాల గురించి ఒక హెచ్చరిక. హాల్యార్డ్ మాస్ట్ మీదే బిగిసి ఉన్నంతకాలం ఆ బలం మాస్ట్ లోపలే ఇమిడిపోతుంది. దాన్ని డెక్ మీది కప్పీ ద్వారా వెనక్కి తిప్పితే, 90 డిగ్రీల మలుపు వద్ద కప్పీ మీద పడే బలం తాడు బిగువుకు 1.41 రెట్లు, అందులో తాడు బిగువంత బలం పైకప్పును నిట్టనిలువునా పైకి లాగుతుంది. మెత్తని, తేలికైన కొయ్యను రెండు ఫైబర్ పొరల మధ్య పెట్టి కట్టిన పైకప్పు దీన్ని ఎక్కువకాలం ఓర్చుకోలేదు. కప్పీలను మాస్ట్ పాదపు పలకకే తగిలించండి. అప్పుడు మాస్ట్ కిందికి నొక్కే బలమూ తాడు పైకి లాగే బలమూ అక్కడికక్కడే సరిపోతాయి. పైకప్పు రంధ్రాలను ముందు పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత బోల్టు పట్టేంత మేరకు మళ్లీ తొలవాలి, లేకపోతే నీరు లోపలి కొయ్యను కుళ్లబెడుతుంది.

నీటిగీత:

కప్పీ గారు చెప్పినట్లే చేశాను. మొదటిసారి త్రాసు 16 కిలోలు చూపింది. గాడి కడిగి, సిలికాన్ చల్లి, పెదవి వంగిన ఒక స్లైడ్‌ను మార్చాక 11కు దిగింది. ఇప్పుడు హాల్యార్డ్ వదిలితే చాప మూడింట రెండు వంతులు దానంతటదే దిగుతున్నది. ఆ పైన, ఏ రంధ్రమూ వేయకుండా, మాస్ట్ పాదానికి కట్టిన తాత్కాలిక కప్పీ ద్వారా హాల్యార్డ్‌ను కాక్‌పిట్‌లోకి తెచ్చి చూశాను. 11 కిలోలు 14 అయ్యాయి. ఇది భరించదగినదే. చాప తలకు 4 మిల్లీమీటర్ల సన్నని తాడు కట్టి కిందికి లాగే ఏర్పాటు చేస్తే మిగిలిన మూడో వంతు కూడా దిగుతుందనుకుంటున్నాను.

హాల్యార్డ్‌నూ, మొదటి రీఫ్‌కు రెండు తాళ్లనూ వెనక్కి తెచ్చి, రెండవ రీఫ్‌ను మాత్రం ఇప్పటిలాగే మాస్ట్ దగ్గరి కొక్కేనికి వదిలేస్తే తాళ్ల గుంపు తగ్గుతుంది కదా అన్నది నా ప్రస్తుత ఆలోచన.

పాతమోకు:

ఇది రెండు పద్ధతుల్లోని చెడును ఏరి ఒకచోట చేర్చడం. రెండవ రీఫ్ అవసరమయ్యేది గాలి మరింత బలంగా ఉన్నప్పుడు. ఆ సమయంలో హాల్యార్డ్ వెనుక, కొక్కెం ముందు ఉంటే, కాక్‌పిట్‌లో క్లచ్ తెరిచి, ముందుకు వెళ్లి కడియం తగిలించి, హాల్యార్డ్ బిగించడానికి వెనక్కి వచ్చి ఇలా తిరుగుతూనే ఉండాలి. ఒక పనికి సంబంధించిన తాళ్లన్నీ ఒకేచోట ఉండాలి. నా ఓటు ఇప్పటికీ మాస్ట్‌కే గానీ, వెనక్కి తేదలచుకుంటే అన్నీ తెండి.

ఒంటరి ప్రయాణం:

ఈ ఒక్క విషయంలో పాతమోకు గారితో ఏకీభవిస్తున్నాను. ఇంతకాలానికి ఇది మొదటిసారి కావచ్చు.

కప్పీ:

నీటిగీత గారూ, తాళ్ల గుంపు తగ్గించాలంటే వేరే మార్గం ఉంది. రెండవ రీఫ్ లోతు చాలా ఎక్కువగా ఉంటే, మొదటి రీఫ్‌ను కూడా కాస్త లోతుగా కుట్టించి, తీరం దగ్గరి ప్రయాణాలకు ఆ ఒక్కదాన్నే తాళ్లతో సిద్ధంగా ఉంచేవారున్నారు. దూరం వెళ్లేరోజు మాత్రం బయలుదేరే ముందే రెండవదాని తాళ్లు ఎక్కించుకోవాలి. ఏ ఏర్పాటైనా, హాల్యార్డ్ మీద ప్రతి రీఫ్‌కూ ఒక రంగు దారంతో గుర్తు కుట్టుకోండి, చీకట్లో వేలికి తగిలేలా. ఆ గుర్తు క్లచ్ దగ్గరకు వచ్చేదాకా సడలించి, ముందు కడియం తాడు లాగి, హాల్యార్డ్ బిగించి, ఆఖరున వెనుక కడియం తాడు లాగడమే వరుస. వెనుకది మొదట లాగితే చాప చిరగవచ్చు. బూమ్ బరువును టాపింగ్ లిఫ్ట్ (మాస్ట్ పైనుంచి బూమ్ చివరను పట్టే తాడు) మోస్తున్నదో లేదో అంతకుముందే చూసుకోవాలి.

నీటిగీత:

అర్థమైంది. అయితే అన్నీ వెనక్కే: హాల్యార్డ్ ఒకటి, రెండు రీఫ్‌లకు నాలుగు తాళ్లు, మొత్తం ఐదు. క్లచ్‌లు పైకప్పుకు ఒకే పక్కన పెడితే వించ్ (తాడు చుట్టి బిగించే మర) ఒకటే సరిపోతుంది గానీ, ఐదు తాళ్లూ ఒకే వైపు మలుపు తీసుకోవాలి. చాప తలను కిందికి లాగే సన్నని తాడుకు క్లచ్ అక్కరలేదు, చిన్న క్లీట్ చాలు. రంధ్రాలు పెట్టేముందు ఇంకొక రోజు తాత్కాలిక కప్పీలతోనే, ఈసారి గాలి ఉన్నప్పుడు, వెనుక తాడు బిగువును కొలిచి ఇక్కడ రాస్తాను.