ఐఎల్‌సీఏ 7 నుంచి మారాలి: 29ఈఆర్ ఆ, 49ఈఆర్ ఆ?

ప్రశ్న: నేను చెన్నై హార్బర్ దగ్గర ఐఎల్‌సీఏ 7 (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడుపుతున్నా, ఒంటరిగా బోర్ కొట్టి ఒక ఫ్రెండ్‌ని క్రూగా పట్టుకున్నా. ఇద్దరం కలిపి 148 కిలోలు. మా వాడికి ట్రాపీజ్ (మాస్ట్ నుంచి వచ్చే తీగకి తగిలించుకుని పడవ బయటికి వాలడం) కొత్త, నాకేమో ఇద్దరు నడిపే 49ఈఆర్ మీద మనసు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, 49ఈఆర్‌లో ఇద్దరూ ట్రాపీజ్ మీదే వేలాడాలి, పైగా పెద్ద జెనేకర్ (ముందు ఎగరేసే బుడగలాంటి తెరచాప), కొత్తవాళ్ళైతే సగం టైమ్ నీళ్ళలోనే ఉంటారు. 29ఈఆర్‌లో క్రూ ఒక్కడికే ట్రాపీజ్, నేర్చుకోవడానికే చేసిన బోటు అది. కాకపోతే మీ బరువుకి గాలి తక్కువున్న రోజు వెనకపడతారు.

జవాబు: అందుకే నేనైతే 29ఈఆర్ కొనమనను, ఎవరిదైనా అడిగి ఒక సీజన్ వాడమంటా. మీ బరువు అసలు 49ఈఆర్‌కే సరిపోతుంది. మన చెన్నై కుర్రాళ్ళు గణపతి, వరుణ్ టోక్యో ఒలింపిక్స్‌లో నడిపింది కూడా ఇదే. కానీ మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగితే స్పేర్ ఇక్కడ దొరకడం కష్టం, బయట్నుంచి తెప్పించుకుంటే డ్యూటీ, షిప్పింగ్ కలిపి జేబుకి చిల్లే.

జవాబు: 505 అని ఇద్దరు నడిపే ఇంకో పడవ ఉంది, ఎవరూ చెప్పలేదేంటి? పొడవు ఐదు మీటర్ల పైన ఉంటుంది, ఒకటే ట్రాపీజ్, బరువు విషయంలో అంత పట్టింపు లేదు. ఒలింపిక్ క్లాస్ మాత్రం కాదు. ఇక్కడ మీతో రేసుకి ఎవరుంటారో చూసుకోండి మరి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి, ముందు 29ఈఆర్ అద్దెకి అడుగుతా. పాత 49ఈఆర్ కొనేముందు ఏం చెక్ చేయాలో కూడా చెప్పండి.

జవాబు: వింగ్స్ (పడవ పక్కలకి చాచి ఉండే రెక్కలు) బిగించే చోట పగుళ్ళు, మాస్ట్ అడుగుభాగం. డెక్ మీద గట్టిగా నొక్కి చూడు, మెత్తగా దిగితే వదిలేయ్.