బడి వర్క్‌షాపులో ముందు పోతా, కోతా?

చంపావతి:
విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి, 40 మంది పిల్లలు, వారానికి 2 పీరియడ్లు. వస్తువుల తయారీ పాఠంలో కరిగించి అచ్చులో పోత పోయడం, కొట్టి సాగదీయడం, కోసి చెక్కడం, అతకడం అని 4 పద్ధతులున్నాయి. అన్నీ చేయించే వీల్లేదు. పాఠంలో పోత పనే ముందుంది. వర్క్‌షాపు పని తెలిసినవాళ్లు మాత్రం కోతతో, అంటే లోహాన్ని అరగదీసే ఆకురాయితో మొదలెట్టమంటున్నారు. మొదట పిల్లల చేతికి ఏది ఇవ్వాలో కారణాలతో చెప్పండి.

ఆకురాయి:
కోతే ముందు మాస్టారూ. కొలత అంటే ఏమిటో చేతికి తెలిసేది అక్కడే. 6 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ పట్టీ తెచ్చి, ఒక్కొక్కరికి 52 మి.మీ. చదరం ముక్క ఇవ్వండి. దాన్ని నాలుగు అంచులూ రాపాడి 50కి తేవాలి. ఇంతే పని, నాలుగు వారాలు పడుతుంది.

ముక్కలు కోసేటప్పుడు హ్యాక్సా (లోహం కోసే రంపం) బ్లేడు అంగుళానికి 18 పళ్లది చాలు. పళ్ల మొన ముందుకి, అంటే పిడికి అవతలి వైపుకి ఉండాలి. నిమిషానికి 40–50 తోపులు మించితే బ్లేడు వేడెక్కి పళ్లు మొద్దుబారతాయి. ఎప్పుడూ కనీసం 3 పళ్లు లోహం మీద ఆనాలి. పలచటి రేకు కోసేటప్పుడు పళ్లు ఊడేది ఇది పాటించకే. రేకును రెండు చెక్కల మధ్య బిగించి చెక్కతో సహా కోయాలి.

రాపాడే దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే: అంచు మధ్యలో ఉబ్బి, రెండు కొసలూ జారిపోతాయి. తోపు మొదట్లో ఎడమ చేతి బరువు ఎక్కువ, చివర్లో కుడి చేతి బరువు ఎక్కువ ఉండాలి. బరువు అలా మారకపోతే ఆకురాయి ఉయ్యాలలా ఊగుతుంది. మూలమట్టం ఆనించి కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకోమనండి. ఎత్తు పల్లాలున్న చోట సన్నటి వెలుతురు గీత కనబడుతుంది. తన తప్పు తనకే కనబడే పాఠం ఇంకోటి లేదు.

పాత ఇనుము కొట్టులో ఏది దొరికితే అది తేవద్దు. టీఎంటీ చువ్వని వేడి మీదుండగానే నీళ్లతో చల్లారుస్తారు కాబట్టి దాని పై పొర గట్టి, లోపలే మెత్తన. లారీ కమాను కట్ట అయితే మరీ మొండి. పిల్లలు తమకి చేతకాలేదనుకుంటారు, నిజానికి తప్పు ముక్కది.

మూస:
ఆకురాయి గారూ, మీరు చెప్పిన ముక్క ఆ ఆకారానికి ముందు ఏమై ఉందో పిల్లాడికి తెలియదు. ప్రతి లోహపు వస్తువూ దాదాపుగా ఒకసారి కరిగి గడ్డకట్టినదే. మీ పట్టీ కూడా అలా పోసిన దిమ్మని రోలర్ల మధ్య సాగదీసినదే. అందుకే పోత పనే ముందు.

అలాగని బడిలో ఇత్తడి కరిగించమనడం లేదు, అది ఎవరూ చేయకూడదు. సరుబుజ్జిలి మండలం బుడితిలో ఇత్తడి, కంచు సామాను చేస్తారు కదా, మనమూ చేద్దామని కొందరు ఉత్సాహపడతారు. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. అందులోని జింకు 907 దగ్గర మరుగుతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. అల్యూమినియం 660కే కరుగుతుంది గానీ, తడి ముక్క ఒక్కటి కరిగిన లోహం ఉన్న మూసలో పడితే నీరు ఆవిరై లోహం చిమ్ముతుంది.

కొవ్వొత్తి మైనం చాలు. ఏటవాలుగా చెక్కిన చెక్క దిమ్మ నమూనా తీసుకోండి. పక్కలు నిట్టనిలువుగా ఉంటే అచ్చులోంచి ఊడి రాదు, 1–2 డిగ్రీల వాలు ఉండాలి. దానికి గ్రీజు రాసి, డబ్బాలో పెట్టి, చుట్టూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి. తూకంలో 3 పాళ్ల పొడి, 2 పాళ్ల నీళ్లు. పొడినే నీళ్లలో చల్లాలి, నీళ్లు పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. అరగంటకి గట్టిపడుతుంది. నమూనా తీసేసి అచ్చుని 10 నిమిషాలు నీళ్లలో నానబెట్టి తుడిస్తే మైనం అంటుకోదు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి.

గడ్డకట్టాక చూడమనండి. పైన నడుమ గుంట పడి ఉంటుంది. గోడల పక్కన ముందు గట్టిపడి, లోపల మిగిలిన ద్రవం కుదించుకుపోతూ ఆ గుంట చేస్తుంది. రెండోసారి పైన కాగితం గొట్టం నిలబెట్టి మైనం అదనంగా పోయండి. ఈసారి గుంట గొట్టంలోకి వెళ్లిపోతుంది, ముక్క నిండుగా వస్తుంది. పోతలో ఇలా అదనపు లోహం నిలిపే గొట్టాన్నే రైజర్ అంటారు, అది ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

వంశధార:
మా దృష్టిలో రెండూ కాదు, త్రీడీ ప్రింటర్ ముందు. కేంద్ర పథకం కింద పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బళ్లలో అది ఉండే అవకాశం ఉంది.

ఆకురాయి:
ప్రింటర్ కదిలేటప్పుడు పిల్లాడి చేతిలో ఏమీ ఉండదండి. పైగా సముద్రపు గాలి ఉన్న మన వైపు ప్రింటర్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ తీగ తేమ పీల్చుకుని, నాజిల్ దగ్గర చిటపటమంటూ బుడగలు కడుతుంది. మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి. ప్రింటయిన వస్తువులో పొరల మధ్య అతుకు బలహీనం, అటు వైపు లాగితే చీలుతుంది.

మూస గారి మైనం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మైనం లోహం కాదు. లోహం పోసే ఇసుక అచ్చులో తేమ ఎక్కువై ఆవిరి బుడగలు పడటం, లోహం చల్లారి అచ్చు మూలలు నిండకపోవడం అందులో తెలియవు.

మూస:
నిజమే, తెలియవు. మీ ఆకురాయితో కూడా తెలియవు కదా! కుదించుకుపోవడం మాత్రం తెలుస్తుంది. లోహంలో దాన్ని కొలిచి నమూనాలో ముందే కలుపుతారు: పోత ఇనుముకి మీటరుకి సుమారు 10 మి.మీ., అల్యూమినియానికి 13. ఆ పైన, రాపాడి సరిచేయడానికి 2–3 మి.మీ. వేరే కలుపుతారు. చంపావతి గారూ, ఆకురాయి గారి 52 మి.మీ. ముక్క ఆ ఒడుపే. పోత ముందు పెడితే ఆ 2 మి.మీ. ఎందుకో పిల్లాడే అడుగుతాడు.

బొబ్బిలి:
ఒక్క మాట. బొబ్బిలి వీణని పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. అక్కడ తప్పితే అతకడానికి లేదు. మైనం అయితే మళ్లీ కరిగించవచ్చు. తప్పు చేసినా ముక్క పోని పని ముందు, పోయే పని తర్వాత పెడితే 40 మందికి సరుకు ఖర్చు తగ్గుతుంది.

చంపావతి:
మైనంతో 2 వారాలు, తర్వాత ఆకురాయితో 4. మైనం ముక్కనే ఆకురాయితో సరిచేయించవచ్చా?

ఆకురాయి:
వద్దు. పళ్ల సందులు పూడుకుపోయి ఆ ఆకురాయి ఇక జారుతుంది. మైనాన్ని కత్తి అంచుతో గీకించండి. ఇనుము ముక్కకి వచ్చేసరికి పళ్లకి సుద్ద రాసి మొదలెట్టండి, ఇరుక్కున్న రజను వైర్ బ్రష్‌తో పళ్ల వాలు వెంట తీయండి. పిడి లేని ఆకురాయి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, పిడిలో దూరే మొనదేలిన తోక అరచేతిలో దిగుతుంది.