అప్‌డేట్: ఒళ్లు తడవకపోయినా మా రాణి ఎందుకు దులుపుకుంటోందంటే

ఒళ్లు పొడిగా ఉన్నా మా కుక్క రాణి రోజుకు పదిసార్లు దులుపుకుంటోంది, జబ్బేమైనా ఉందా అని పోయిన వారం అడిగాను. చెవులు చూపించమని చాలామంది చెప్పారు. పటమటలో మా ఇంటి దగ్గరి పశువైద్యుడు చెవి మడత పైకెత్తి, లైటు వేసి, వాసన కూడా చూశారు. ఎరుపు లేదు, చీము లేదు. చెవి బాధయితే ఎక్కువగా తలనే విదిలిస్తుందట. రాణిది ముక్కు నుంచి తోక దాకా సాగే దులుపు.

అప్పటి నుంచి గమనిస్తున్నాను. పాప గట్టిగా కౌగిలించుకుని వదలగానే ఒకసారి, గేటు దగ్గర వీధికుక్క ఎదురుపడి వెళ్లిపోగానే ఇంకోసారి. బిగుసుకున్న ఒళ్లు సడలించుకోవడమేనన్నారు డాక్టరుగారు. పాపం, ఆ కౌగిళ్లను ఇన్నాళ్లూ ఓర్చుకుంది! పాపకు మెల్లగా నచ్చజెప్పాను.

తడి దులుపు వేరు. 2024లో హార్వర్డ్ పరిశోధకులు చిట్టెలుకల మెడ మీద నూనె చుక్కలు వేసి చూశారు. వెంట్రుకల మొదళ్లను చుట్టుకుని, సన్నని స్పర్శకే స్పందించే నరాలు ఆ దులుపును పుట్టిస్తాయని తేల్చారు. నిన్న స్నానం చేయించి దగ్గరగా చూశాను: ముందు తల, తర్వాత భుజాలు, నడుము, చివరికి తోక కొస. గోడంతా నీళ్లే.